ప్లాన్ రాసే ముందు రిజిస్టర్ తెరవండి

పోయిన నెల ఇదే పేజీలో ఒక మాట రాశాను, పిల్లల లెక్క చూడకుండా రాసిన స్కూల్ డెవలప్‌మెంట్ ప్లాన్ ఫైల్‌కి తప్ప బడికి పనికిరాదు అని. దాని మీద చాలా ఉత్తరాలు, వాట్సాప్ మెసేజ్‌లు వచ్చాయి. కొందరు కోపంగా కూడా రాశారు, పర్లేదు, కోపం వచ్చిందంటే పట్టించుకున్నారనే కదా. అన్నీ వేయడానికి చోటు లేదు, ఆరు తీసుకున్నాను. ఎక్కువమంది ఉద్యోగాల్లో ఉన్నవాళ్ళు కాబట్టి పేర్లు తీసేశాను.

ప్రశ్న: సార్ నమస్తే. మాది ప్రైమరీ స్కూలు, 46 మంది పిల్లలు, నేనూ ఇంకో మేడమ్ ఇద్దరమే టీచర్లం. నిజం చెప్పాలంటే ప్రతి ఏడాదీ పాత ప్లాన్ తీసి డేట్ మార్చి, ఎన్‌రోల్‌మెంట్ నెంబర్లు మార్చి, ప్రహరీ గోడ కావాలి వంటగది రిపేర్ కావాలి అని రాసి ఎంఈఓ (మండల విద్యాధికారి) ఆఫీసులో ఇచ్చేస్తున్నాను. యూడైస్ (దేశంలోని బడులన్నీ ఏటా నింపే వివరాల లెక్క) నింపుతాం, టెస్టు మార్కులు ఎక్కిస్తాం, యాప్‌లో అటెండెన్స్, భోజనం లెక్క, ఫోటోలు, ఇంత డేటా ఇస్తూనే ఉన్నాం కదా, ఇంకా ఏం డేటా చూడమంటారు? – హెచ్ఎం, ప్రకాశం జిల్లా

జవాబు: మాస్టారూ, ఉన్నదున్నట్టు రాశారు, అందుకు ముందు మీకు నమస్కారం. మీరు చెప్పిన డేటా అంతా పైకి వెళ్ళేది. యూడైస్ లెక్క ఢిల్లీ దాకా వెళ్తుంది, దాన్ని బట్టే గదులు, పోస్టులు, బడి ఖర్చులకి ఏటా ఇచ్చే కాంపోజిట్ గ్రాంటు తేలతాయి (30 దాటి 100 లోపు పిల్లలుంటే ఏడాదికి 25,000, మీ బడి అందులోకే వస్తుంది). అది అవసరమే, తప్పుల్లేకుండా నింపండి. కానీ మీ నాలుగో తరగతి పిల్లాడు ఒత్తు దగ్గరికి రాగానే ఎందుకు ఆగిపోతున్నాడో అందులో ఏ కాలమ్‌లోనూ ఉండదు, అది మీ గదిలో మీరు చూసి మీరే రాసుకోవాల్సిన లెక్క.

ప్లాన్ రాస్తే చాలు బడి బాగుపడుతుందని నేను చెప్పను, అలా జరగదని మన దేశంలోనే గట్టిగా తేలింది. మధ్యప్రదేశ్‌లో లాటరీ పద్ధతిలో తీసిన 1,774 స్కూళ్ళలో ఒక పెద్ద ప్రోగ్రామ్ నడిపారు, ప్రతి స్కూల్‌నీ అన్ని రకాలుగా అసెస్ చేసి, రేటింగ్ ఇచ్చి, ఆ స్కూల్‌కి తగ్గట్టుగా ఇంప్రూవ్‌మెంట్ ప్లాన్ రాయించారు. దాన్ని కార్తీక్ మురళీధరన్, అభిజీత్ సింగ్ అనే ఇద్దరు ఎకనామిస్టులు పరిశీలించారు. అసెస్‌మెంట్లు దాదాపు అన్ని చోట్లా పూర్తయ్యాయి, రేటింగులు కూడా ఏ బడి ఎలా ఉందో బాగానే పట్టిచ్చాయి, అయినా బడి నడిచే తీరులో గానీ పిల్లల చదువులో గానీ ఏ మార్పూ రాలేదు. మార్పు రాకపోయినా సక్సెస్ అయిందన్న పేరు వచ్చింది, అదే పద్ధతి దేశమంతా 6 లక్షల పైచిలుకు బడులకి వెళ్ళింది. నాకు ఇది చదివినప్పుడు చాలా బాధేసింది, ఎన్ని లక్షల గంటలు టీచర్లవి, ఎన్ని రీముల కాగితం.

ఇంకొకటి మన దగ్గరిదే. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2005-06లో, కోస్తా, సీమ, తెలంగాణ మూడింట్లో కలిపి 5 జిల్లాల్లో, 100 పల్లె బడుల్లో ఏడాది మొదట్లో పిల్లలకి టెస్టు పెట్టి, ఎవరికి ఏది రాదో టీచర్ చేతికి వివరంగా రిపోర్టు ఇచ్చారు, మధ్యమధ్య క్లాసుకొచ్చి చూశారు కూడా. చూసేవాళ్ళు వచ్చినప్పుడు టీచర్లు ఇంకా బాగా చెప్పారు, కానీ ఏడాది చివర టెస్టులో ఆ పిల్లలకీ రిపోర్టు ఇవ్వని బడుల పిల్లలకీ తేడా లేదు. అంటే రిపోర్టు చేతిలో ఉంటే సరిపోదన్నమాట. రేపు ఉదయం బడిలో ఏది మారుతుంది, ఎవరు మారుస్తారు, మళ్ళీ ఏ తారీఖున చూస్తారు, ఈ మూడూ తేలకపోతే ఎంత మంచి డేటా అయినా బీరువాలోకే పోతుంది.

ఇక మీ 46 మంది సంగతి. ఒక్కొక్కరిని పక్కన కూర్చోబెట్టుకుని 5 నిమిషాలు చదివించండి, లెక్క చేయించండి. మొత్తం కలిపి 4 గంటలు కూడా పట్టదు, ఇద్దరూ పంచుకుంటే వారంలో రోజుకి అరగంట లోపే. పాఠ్యపుస్తకంలో కంఠతా వచ్చిన పాఠం మాత్రం వద్దు, పిల్లలు పేజీ చూడకుండా అప్పజెప్పేస్తారు, మనం చదివాడనుకుంటాం. వాళ్ళు చూడని నాలుగు లైన్లు మీరే రాయండి. మన తెలుగులో పిల్లలు ఆగే చోట్లు దాదాపు ఒకటే, అక్షరాలు వచ్చి గుణింతం దగ్గర తడబడేవాళ్ళు కొందరు, గుణింతం వచ్చి ఒత్తు దగ్గర ఆగేవాళ్ళు కొందరు. ‘కుక్క’ని ‘కుక’ అంటారు, ‘పుస్తకం’ని ‘పుసతకం’ అంటారు. ఇంకొందరు అన్నీ చదివేస్తారు కానీ ఏం చదివావురా అంటే చెప్పలేరు. ఈ ముగ్గురికీ మార్కుల లిస్టులో 20కి 8 అనే పడి ఉంటుంది, కానీ ముగ్గురికీ కావాల్సిన పాఠం వేరు.

లెక్కల్లో కూడా తప్పుని చూడండి, తప్పు అని కొట్టేసి వదలొద్దు. 452లోంచి 187 తీసేయమంటే 335 అని రాస్తారు చాలామంది. ఆ పిల్లాడికి తీసివేత రాదని రాసేస్తాం మనం. రాకపోవడం కాదు, ప్రతి స్థానంలోనూ పెద్ద అంకెలోంచి చిన్న అంకె తీసేస్తున్నాడు, 7లోంచి 2, 8లోంచి 5, 4లోంచి 1. అప్పు తెచ్చుకోవడం ఎందుకో వాడికి అర్థం కాలేదు, కట్టలు పుల్లలు పెట్టి వారం రోజులు చేయిస్తే సర్దుకుంటుంది. ఆ 335 అనే సమాధానంలో ఉన్నంత సమాచారం గ్రేడ్ కాలమ్‌లో బీ అనో సీ అనో వేస్తే ఉండదండి.

అలా చూశాక, ఉదాహరణకి 3, 4, 5 తరగతుల్లో 28 మంది ఉంటే 11 మంది ఒత్తుల దగ్గర ఆగారనుకోండి. ఆ 11 పేర్లే మీ ఈ ఏడాది ప్లాన్. రోజూ పొద్దున మొదటి 45 నిమిషాలు తరగతి సంగతి పక్కన పెట్టి స్థాయి ప్రకారం కూర్చోబెట్టండి, ఒత్తుల గుంపు మేడమ్ దగ్గర, మిగతావాళ్ళు మీ దగ్గర. ఆరు వారాలు. ఆరో వారం శనివారం మళ్ళీ అదే పద్ధతిలో చదివించి పేర్ల పక్కన రాసుకోండి. అప్పటికీ నలుగురు కదలకపోతే ఆ నలుగురికి కళ్ళు కనబడుతున్నాయా, చెవులు వినబడుతున్నాయా, బడికి రోజూ వస్తున్నారా అని చూడాలి, నా సర్వీసులో ఇలాంటి పిల్లల్లో కళ్ళజోడు అవసరమైనవాళ్ళు ప్రతి ఏడాదీ దొరికేవాళ్ళు.

ప్రహరీ గోడ అడగొద్దని కాదు, అడగండి. రూల్స్ ప్రకారం ఇది 3 ఏళ్ళ ప్లాన్, అందులో ఏడాదికొకటి చొప్పున 3 చిన్న ప్లాన్లు, తరగతి వారీగా ఎంతమంది పిల్లలు రాబోతున్నారు, ఎంతమంది టీచర్లు కావాలి, ఏ వసతులు, ఎంత డబ్బు అన్నీ ఉండాలి. అదంతా ఒక పేజీలో పెట్టండి. ఆ 11 పేర్లు మొదటి పేజీలో పెట్టండి.

ప్రశ్న: సార్, హైస్కూల్లో మ్యాథ్స్ చెప్తాను. పోయినేడు మా టెన్త్ రిజల్ట్ 92 శాతం, ఈసారి 81 శాతం. రివ్యూ మీటింగ్‌లో అందరి ముందు నిలబెట్టారు, 11 శాతం ఎందుకు పడిపోయిందో రాతపూర్వకంగా ఇమ్మన్నారు. ఇప్పుడు హెచ్ఎం గారు ప్లాన్‌లో ‘100 శాతం ఫలితాలు’ అని టార్గెట్ పెట్టారు. నేనేం రాయాలి? – స్కూల్ అసిస్టెంట్, కరీంనగర్ జిల్లా

జవాబు: మీరు ఉత్తరం వెనక రాసిన అంకెలు చూశాను. పోయినేడు 25 మందికి 23 మంది పాస్, ఈసారి 21 మందికి 17 మంది. ఇంకో ఇద్దరు పాసయ్యుంటే 19, అంటే 90 శాతం దాటేది, ఈ మీటింగే ఉండేది కాదు. మీ బడిలో ఒక్క పిల్లాడు దాదాపు 5 శాతం. ఇంత తక్కువ మంది ఉన్న చోట శాతాలు ఏడాదికేడాది ఎగిరి పడుతుంటాయి, ఒకరికి జ్వరమొచ్చినా పడతాయి. 200 మంది రాసే బడికీ 21 మంది రాసే బడికీ ఒకే గీటురాయి పెట్టడం తప్పు, ఇది నేను మీటింగుల్లో కూర్చుని కూడా చెప్పాను, ఇప్పుడూ చెప్తాను. రాతపూర్వకంగా ఇచ్చేటప్పుడు శాతం కాకుండా మనుషుల లెక్క ఇవ్వండి, గత 3 ఏళ్ళూ కలిపి ఎంతమంది రాశారు ఎంతమంది పాసయ్యారు అని. అప్పుడు నిజంగా కిందకి పోతున్నామా లేదా కొంచెం నమ్మకంగా చెప్పొచ్చు.

ఇంకో సంగతి, ఈ 21 మందీ పోయినేటి 25 మందీ వేరే పిల్లలు. పడిపోయింది అనాలంటే అదే పిల్లలు ముందు బాగుండి తర్వాత పడాలి కదా. అందుకని ఈ బ్యాచ్ 8వ తరగతిలో ఉన్నప్పటి ఎఫ్ఏ (మధ్యలో పెట్టే చిన్న పరీక్షలు), ఎస్ఏ (టర్మ్ చివర పెద్ద పరీక్షలు) మార్కులు తీయండి. ఫెయిలైన నలుగురూ అప్పుడే మ్యాథ్స్‌లో వెనక ఉన్నారా, ఉంటే రెండేళ్ళు మన చేతిలోనే ఉన్నారు కదా, 10వ తరగతి జనవరిలో స్పెషల్ క్లాసులు పెట్టడం ఆలస్యం అయిపోయిందనే అర్థం. అలా కాకుండా 9 దాకా బాగుండి పడిపోతే ఇంట్లో ఏదో జరిగి ఉంటుంది, పిలిచి మాట్లాడండి. నలుగురే కదా, నలుగురి కథా ఒక పేజీలో రాయొచ్చు. అది 11 శాతం ఎందుకు తగ్గిందన్న దానికి అసలు సమాధానం.

మీరు అడగలేదు గానీ నాకు ఇంకా ముఖ్యం అనిపించే లెక్క ఒకటుంది. మీ అడ్మిషన్ రిజిస్టర్‌లో ఈ బ్యాచ్ 6వ తరగతిలో ఎంతమంది చేరారో చూడండి. 34 మంది చేరి 21 మంది టెన్త్ రాశారనుకోండి, మిగతా 13 మంది ఎక్కడికెళ్ళారు? గురుకులంలో సీటొచ్చి వెళ్ళినవాళ్ళు, ప్రైవేటుకి వెళ్ళినవాళ్ళు, ఊరు మారినవాళ్ళు ఉంటారు, వాళ్ళు ఎక్కడో చదువుకుంటున్నారు. కానీ టీసీ తీసుకోకుండా మాయమైనవాళ్ళు ఉంటే, అందులో పెళ్ళైపోయిన ఆడపిల్ల ఒక్కతి ఉన్నా, ఆ బడికి 100 శాతం రిజల్ట్ వచ్చినా నేను సంతోషించలేను. పాస్ శాతం లెక్కలో ఆ పిల్ల అసలు కనబడదు. అందుకే ‘100 శాతం ఫలితాలు’ అనే టార్గెట్ నాకు నచ్చదు, దాన్ని చేరుకోవడానికి అడ్డదారి ఏంటో అందరికీ తెలుసు, వెనకబడ్డ పిల్లల్ని 9లోనే మెల్లగా బయటికి పంపడం. దాని బదులు ‘6లో చేరిన ప్రతి ఒక్కరూ ఇక్కడో ఇంకో చోటో టెన్త్ రాయాలి’ అని పెట్టించండి. హెచ్ఎం గారికి ఈ పేజీ చూపించండి.

ప్రశ్న: అయ్యా, నేను మా బడి ఎస్ఎంసీ (స్కూల్ మేనేజ్‌మెంట్ కమిటీ) మెంబర్ని. మా పాప మూడో తరగతి. మీటింగ్ అని పిలుస్తారు, టీ ఇస్తారు, బుక్‌లో సంతకం పెట్టమంటారు. నేను ఏడు దాకా చదివాను. ఏం అడగాలో తెలీదు, అడిగితే ఏమనుకుంటారో అని భయం. – ఒక తల్లి, విజయనగరం జిల్లా

జవాబు: అమ్మా, ముందు ఆ భయం తీసేయండి. విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది, దాని ప్రకారం ఆ కమిటీలో నాలుగింట మూడొంతుల మంది తల్లిదండ్రులే ఉండాలి, సగం మంది ఆడవాళ్ళు ఉండాలి. బడి ప్లాన్ తయారు చేయడం, వచ్చిన డబ్బు ఎలా ఖర్చయిందో చూడటం కమిటీ పని అని చట్టంలోనే ఉంది. అంటే ఆ ప్లాన్ మీది, మాస్టారు మీకు సాయం చేస్తారు. సంతకం పెట్టే ముందు ఇందులో ఏముందో చదివి వినిపించండి అని అడగడం తప్పు కాదు, మర్యాదగానే అడగొచ్చు.

ఏం అడగాలంటే, మన పిల్లల్లో ఎంతమంది చదవగలుగుతున్నారు అని అడగండి, ఆ ఒక్క ప్రశ్న చాలు మొదటి మీటింగ్‌కి. మీరు ఇంట్లోనే చూడొచ్చు కూడా. 2005 నుంచి ప్రథమ్ అనే సంస్థ అసర్ అని ఒక సర్వే చేయిస్తోంది, అందులో వాలంటీర్లు పల్లెల్లో ఇంటింటికీ వెళ్ళి పిల్లల్ని కూర్చోబెట్టి ఒక కాగితం చదివిస్తారు, దాని మీద అక్షరాలు, చిన్న పదాలు, ఒకటో తరగతి స్థాయిలో నాలుగు వాక్యాలు, రెండో తరగతి స్థాయిలో ఒక చిన్న కథ ఉంటాయి. అంతే, పెద్ద పరీక్షేం కాదు. 2024లో దేశం మొత్తం మీద పల్లెల్లోని ప్రభుత్వ బడుల్లో మూడో తరగతి పిల్లల్లో ఆ రెండో తరగతి కథ చదవగలిగినవాళ్ళు 23.4 శాతం, అంటే నలుగురిలో ఒక్కరు కూడా లేరు. 2022లో 16.3 శాతమే, కరోనా దెబ్బ, దాన్నుంచి పెరిగింది. మీ పాప పోయినేటి రెండో తరగతి తెలుగు పుస్తకం ఇంట్లో ఉంటే తీసి, మధ్యలో ఏదో ఒక పేజీ చదవమనండి. తిట్టొద్దు, పక్కన కూర్చోండి చాలు. మీరు ఏడు చదివారు, ఎక్కడ ఆగుతుందో మీకే తెలిసిపోతుంది. పక్కింటి పిల్లల్ని కూడా అలాగే చదివించి చూడండి.

మీటింగ్‌కి వెళ్ళి మా పాప ఇక్కడ ఆగుతోందండి, మిగతా పిల్లలు ఎలా ఉన్నారండి, ఏం చేద్దామండి అని అడగండి. మాస్టార్ని నిలదీసినట్టు కాకుండా కలిసి చూద్దాం అన్నట్టు అడిగితే నూటికి తొంభై మంది టీచర్లు సంతోషిస్తారు, తల్లిదండ్రులు అడగట్లేదనే బాధ వాళ్ళకీ ఉంది. ఇద్దరు ముగ్గురు తల్లులు కలిసి వెళ్తే ఇంకా ధైర్యంగా ఉంటుంది.

ప్రశ్న: సార్ కొత్తగా జాబ్‌లో చేరాను. ఎఫ్ఏ పేపర్లు దిద్దితే సగం మందికి 20కి 5 లోపే వచ్చాయి. అవే ఎక్కిస్తానంటే సీనియర్లు వద్దన్నారు, మన కాంప్లెక్స్‌లో, అంటే చుట్టుపక్కల బడుల గుంపులో, మన స్కూలే అడుగున కనబడుతుంది, మెమో వస్తుంది, అందరికీ 12 పైన వేసేయ్ అంటున్నారు. – ఎస్జీటీ (ప్రైమరీ టీచర్), పేరు వద్దు

జవాబు: తమ్ముడూ, ఇది అందరూ చేసేదే, ఎవరూ రాయనిది. ఆంధ్రప్రదేశ్‌లోనే 2,400కి పైగా స్కూళ్ళలో అభిజీత్ సింగ్ ఒక పరిశీలన చేశారు, పైన మధ్యప్రదేశ్ గురించి చెప్పిన ఇద్దర్లో ఒకరు. కొన్ని చోట్ల టీచర్లే కాగితం మీద టెస్టు పెట్టారు, కొన్ని చోట్ల ట్యాబ్ మీద పెట్టారు, తర్వాత బయటివాళ్ళు వెళ్ళి మళ్ళీ చూశారు. కాగితం టెస్టుల్లో పిల్లల స్థాయి ఉన్నదానికంటే ఎక్కువ కనిపించింది, ట్యాబ్ లెక్క మాత్రం బయటివాళ్ళు చూసినదానికి దగ్గరగా ఉంది. ఆ టెస్టుల వల్ల టీచర్లకి లాభమూ లేదు నష్టమూ లేదు, అయినా మార్కులు పెరిగాయి. భయం అంత లోపలికి వెళ్ళిపోయింది మనలో.

నేనూ వేశాను. ఉద్యోగంలో చేరిన రెండో ఏడు, ఇలాగే సీనియర్లు చెప్తే ఒక క్లాసు మొత్తానికి మార్కులు పెంచి వేశాను. ఆ క్లాసులో ఒక పిల్లాడు నాలుగేళ్ళ తర్వాత బస్టాండులో కనబడి, సార్ ఈ బస్సు ఎక్కడికి పోతుంది అని నన్ను అడిగాడు. బోర్డు వాడి ఎదురుగానే ఉంది. వాడికి నేను వేసిన మార్కులు నాకు అప్పుడు గుర్తొచ్చాయి, ఇప్పటికీ గుర్తున్నాయి. 5 అని వేసి ఉంటే కనీసం తర్వాతి మాస్టారైనా చూసి ఆగేవాడేమో.

కాబట్టి నా మాట ఉన్నదే ఎక్కించు. ఒక్కడివే తలపడమని కాదు, ముందు హెచ్ఎం గారితో మాట్లాడు, మార్కుల లిస్టుతో పాటు ఎవరికి ఏది రాలేదు, నేను ఏం చేయబోతున్నాను అని అర పేజీ రాసి పెట్టు. తక్కువ మార్కులు ఒట్టివే వెళ్తే మెమో అడుగుతారు, పక్కన పని కనబడితే ఎక్కువమంది అధికారులు అర్థం చేసుకుంటారు, నేను చూసినంతలో. ఈ పేజీ చదివే ఎంఈఓలు, డీఈఓ ఆఫీసు వాళ్ళు ఎవరైనా ఉంటే వాళ్ళకీ ఒక విన్నపం, ఎఫ్ఏ మార్కులతో స్కూళ్ళకి ర్యాంకులు పెట్టకండి. ర్యాంకు పెట్టిన రోజే ఆ అంకె చచ్చిపోతుంది, ఇక మీకు నిజం తెలిసే దారి ఉండదు.

ప్రశ్న: న్యూజెర్సీలో ఉంటాం. మా ఊరి హైస్కూల్‌కి నేనూ ఫ్రెండ్స్ కలిసి 10 లక్షలు ఇద్దామనుకుంటున్నాం, స్మార్ట్ క్లాస్‌రూమ్ పెట్టిద్దామని ఐడియా. డేటా చూసి నిర్ణయించుకోమంటారు కదా, ఏ డేటా?

జవాబు: చాలా మంచి మనసు బాబూ. యూడైస్ సైట్‌లో మీ స్కూల్ పేరు కొడితే ఎంతమంది పిల్లలు, టీచర్లు, గదులు, టాయిలెట్లు అన్నీ వస్తాయి, అక్కడ మొదలుపెట్టండి. కానీ టాయిలెట్లు 4 అని ఉంటే ఎన్నింటికి తలుపు గడియ ఉంది, నీళ్ళొస్తున్నాయా అనేది ఫోన్ చేసి అడిగితేనే తెలుస్తుంది, హెచ్ఎంని కాకుండా 9వ తరగతి ఆడపిల్లల తల్లుల్ని అడిగించండి. తర్వాత హెచ్ఎం గారిని రెండే అడగండి, ఆడపిల్లలు నెలలో ఏ రోజుల్లో రావట్లేదు, 6వ తరగతిలో తెలుగు చదవలేని పిల్లలు ఎంతమంది. ఆ రెండు జవాబులూ వచ్చాక స్మార్ట్ బోర్డే అవసరం అనిపిస్తే తప్పకుండా పెట్టించండి, రిపేరుకి కూడా కొంత డబ్బు పక్కన పెట్టండి. నాకైతే నీళ్ళ ట్యాంకు, రెండేళ్ళ పాటు ఒక వాలంటీర్ జీతం ముందు కనబడుతున్నాయి.

ప్రశ్న: మాది ఆదోని వైపు పల్లె. దీపావళి అయ్యాక జనం గుంటూరు వైపు పత్తికి, మిరపకాయ కోతలకి వలస పోతారు, పిల్లల్నీ తీసుకుపోతారు, మళ్ళీ ఉగాది టైముకి వస్తారు. రిజిస్టర్‌లో మా యావరేజ్ అటెండెన్స్ 74 శాతం. ప్లాన్‌లో ‘హాజరు పెంచుతాం’ అని రాయడం తప్ప నేనేం చేయగలను సార్? – టీచర్

జవాబు: మేడమ్, యావరేజ్ పక్కన పెట్టండి, అది మీకేమీ చెప్పదు. 74 శాతం అంటే అందరూ వారంలో ఒకటిన్నర రోజు మానేస్తున్నారనీ అనుకోవచ్చు, కొందరు అసలు మానకుండా మిగతావాళ్ళు నాలుగు నెలలు లేరనీ అనుకోవచ్చు. రెండింటికీ మందు వేరు. గత రెండేళ్ళ రిజిస్టర్లు తీసి ఒక్కో పిల్లకి ఒక అడ్డ వరస, ఒక్కో నెలకి ఒక నిలువు వరస వేసి ఒక చార్టు గీయండి, ఎవరు ఏ నెలలో 10 రోజుల కంటే తక్కువ వచ్చారో ఎర్ర పెన్నుతో రంగు వేయండి. ఎర్రగా ఎక్కడ ఉందో కనబడుతుంది. నాకు తెలిసి నవంబర్ నుంచి మార్చి దాకా కొన్ని ఇళ్ళ పిల్లల వరసలు మొత్తం ఎర్రగా ఉంటాయి, మిగతావి తెల్లగా ఉంటాయి. మధ్యలో ఇంకో రకం కూడా దొరుకుతారు, వలస పోరు గానీ సోమవారాలు రారు, చెల్లెల్ని చూసుకోవడానికి ఆగిపోయే ఆడపిల్లలు ఉంటారు, వాళ్ళది వేరే లిస్టు.

వలస ఇళ్ళ లిస్టు చేతిలో ఉంటే ఏం చేయొచ్చంటే, ఒకటి సీజనల్ హాస్టల్. సమగ్ర శిక్ష అనే ప్రభుత్వ పథకం కింద మీ ప్రాంతంలో పెడుతూ వచ్చారు, అమ్మానాన్నలు పోయినా పిల్లలు ఊళ్ళోనే బడి దగ్గర ఉండి చదువుకోవచ్చు. వలస ఎక్కువగా ఉంది అని రాస్తే ఫైల్ కదలదు, ఈ 23 మంది, ఈ ఇళ్ళు, ఈ నెలల్లో, రెండేళ్ళ రిజిస్టర్ నకలు ఇదిగో అని రాస్తే కదలడానికి ఎంతో అవకాశం ఉంది. అది కూడా దీపావళి ముందు కాదు, ఆగస్టులోనే పంపాలి, హాస్టల్ శాంక్షన్ అయ్యేసరికి జనం బండెక్కేస్తే లాభం లేదు. అవ్వా తాతా ఊళ్ళో ఉండే ఇళ్ళకి మీరే వెళ్ళి మాట్లాడండి, పిల్లని వదిలి వెళ్ళమని తల్లికి చెప్పడం తేలిక కాదు, నమ్మకం కావాలి, ఆ నమ్మకం మీ మీదే ఉంటుంది.

ఎలాగూ ఆగని పిల్లలు ఉంటారు. వాళ్ళకి జూన్ నుంచి అక్టోబర్ దాకా మీ దగ్గర ఉండే ఆ అయిదు నెలలే ఏడాది. సిలబస్ ప్రకారం పాఠాలు వరసగా పోతే చదవడం రాకుండానే వెళ్ళిపోతారు, కాబట్టి ముందు చదవడం, ముందు కూడికలు తీసివేతలు, మిగతావన్నీ తర్వాత. వెళ్ళేటప్పుడు పిల్ల పెన్ నెంబర్, అదే యూడైస్‌లో ఇచ్చే శాశ్వత నెంబర్, ఒక చీటీ మీద రాసి తల్లి చేతికివ్వండి, ఎక్కడ దిగుతారో ఊరి పేరు అడిగి రాసుకోండి, అక్కడి బడి హెచ్ఎంకి ఫోన్ చేయండి. ఒక్క ఫోన్‌తో ఇద్దరు ముగ్గురు పిల్లలు అక్కడ బెంచీ మీద కూర్చున్న సందర్భాలు నేను చూశాను.

మార్చి చివర్లో వాళ్ళు తిరిగొచ్చిన వారంలోనే మళ్ళీ ఒకసారి చదివించి చూడండి, వెళ్ళేటప్పుడు ఏ స్థాయిలో ఉన్నారో దాని పక్కనే రాయండి. హాస్టల్లో ఆగినవాళ్ళకీ, వెళ్ళొచ్చినవాళ్ళకీ తేడా ఎంతో మీకే కనబడుతుంది, వచ్చే ఏడాది ఆగస్టులో పంపే కాగితానికి అదే జత చేయండి. చార్టు గీశాక పేర్లు కనబడకుండా ఒక ఫోటో నాకు పంపండి మేడమ్, చుట్టుపక్కల మండలాల టీచర్లు ఇంకో ముగ్గురు ఇదే అడిగారు, వాళ్ళకి చూపిస్తాను.